ఎదుటి మనిషి ముఖం స్పష్టంగా కనపడాలంటే: సైట్ ఉన్నవాళ్లు ఏం చేయాలి, ఏం అడగాలి

"ఎదురుగా వచ్చి కూడా పలకరించకుండా పోయాడు, ఎంత పొగరో" అని ఎవరి గురించైనా అనుకునే ముందు ఆ మనిషికి సైట్ ఉందేమో కనుక్కోండి. మైనస్ పవర్ ఉండి అద్దాలు పెట్టుకోనివాళ్లు కాలేజీలో, ఆఫీసులో, చుట్టాల పెళ్లిళ్లలో ఏళ్ల తరబడి మోసే నింద ఇది. మీరు నవ్వితే వాళ్లు నవ్వరు, చెయ్యి ఊపితే ఊపరు, ఎందుకంటే అవతల మీరు ఒక రంగు చీరగానో చొక్కాగానో కనపడుతున్నారు తప్ప మీ ముఖం వాళ్లకి అందడం లేదు. కొన్నాళ్లకి వాళ్లే జనం ఉన్నచోటికి వెళ్లడం తగ్గించేస్తారు.

చూపు అనగానే అందరూ బోర్డు మీది అక్షరాలు, ఫోన్‌లో అక్షరాలు అంటారు. నేను ముఖాల లెక్కన చెప్తాను. మీ రోజులో ఎవరి ముఖం, ఎంత దూరంలో, మీకు బాగా కనపడాలి? ఇది ముందు తేల్చుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తే అద్దాలా, కాంటాక్ట్ లెన్సులా, లేజరా అన్న ప్రశ్నకి జవాబు సగం దొరికినట్టే.

మీకు ముఖం ఎంత దూరం దాకా అందుతుంది

చిన్న లెక్క చేయండి. 100ని మీ మైనస్ పవర్‌తో భాగించండి. వచ్చేది సెంటీమీటర్లలో మీ కంటి హద్దు, అంటే అద్దాలు లేకుండా స్పష్టంగా కనపడే చివరి దూరం. మైనస్ 1 అయితే 100 సెంటీమీటర్లు, మైనస్ 2 అయితే 50, మైనస్ 4 అయితే 25. మైనస్ 4 ఉన్న తల్లికి ఒళ్లో ఉన్న పాప ముఖం చక్కగా కనపడుతుంది, పాపని ఎత్తుకోడానికి చేతులు చాచిన అత్తగారి ముఖం మసక. మైనస్ 2 వాళ్లకి డైనింగ్ టేబుల్ అవతల కూర్చున్న మనిషి కూడా కొంచెం చెదిరే ఉంటాడు, గొంతుని బట్టి మూడ్ ఊహించుకోవాల్సిందే.

సిలిండర్ పవర్ ఉంటే, అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే, కథ వేరు. దగ్గరా దూరమూ రెండూ కాస్త సాగినట్టో, నీడ పడ్డట్టో కనపడతాయి. ప్లస్ పవర్ ఉన్న పిల్లలూ కుర్రాళ్లూ కంటి కండరంతో సర్దుకుని చదివేస్తారు కాబట్టి "నాకు బాగానే కనపడుతుంది" అంటారు, సాయంత్రానికి తలనొప్పి అంటారు. ఇక 40 దాటాక వచ్చే చత్వారం అందరికీ వస్తుంది, అంతకుముందు సైట్ ఉన్నా లేకపోయినా.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది, డాక్టర్ పరీక్షకి బదులు కాదు గానీ తేడా ఉందో లేదో తెలిసిపోతుంది. ఇంట్లో ఒకరిని హాలు ఆ చివర నిలబెట్టండి. అరచేత్తో ఒక కన్ను నొక్కకుండా మూసుకుని, అవతలి మనిషి మాట్లాడకుండా కనుబొమ్మలు ఎత్తితే, మూతి ముడిస్తే, కన్ను కొడితే చెప్పగలుగుతున్నారా చూడండి. తర్వాత రెండో కన్ను. ఒక్కో కన్నూ విడిగా చూడటం ముఖ్యం, ఎందుకంటే బాగున్న కన్ను బాగోలేని కంటిని ఏళ్ల తరబడి కప్పిపుచ్చుతుంది. పిల్లలకైతే మరీ.

పరీక్షకి వెళ్లినప్పుడు

కంప్యూటర్ మిషన్‌లో గడ్డం ఆనించి బొమ్మ చూపించి తీసే కాగితం ఫైనల్ కాదు. అది మొదటి అంచనా. ఆ తర్వాత బరువైన ట్రయల్ ఫ్రేమ్ ముక్కు మీద పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడిగేదే అసలు పరీక్ష. అక్కడ తొందరపడొద్దు, మొహమాటపడొద్దు. రెండూ ఒకేలా ఉంటే ఒకేలా ఉన్నాయనే చెప్పండి, అది కూడా వాళ్లకి పనికొచ్చే జవాబే. చివర్లో ఆ ట్రయల్ ఫ్రేమ్‌తోనే లేచి వరండాలో కాసేపు నడుస్తానని అడగండి. బెంచీ చివర కూర్చున్నవాళ్ల ముఖం చూడండి, మీతో వచ్చినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, ఫోన్ చూడండి, నేల చూడండి. నేల ఒరిగినట్టు అనిపించినా, కళ్లు లాగినా అక్కడే చెప్పాలి, అద్దాలు తయారయ్యాక కాదు.

షుగర్ ఉన్నవాళ్లు ఒక మాట వినండి. షుగర్ ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు కంటి పవర్ కూడా అటూ ఇటూ మారుతుంది. షుగర్ కంట్రోల్‌లోకి వచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే అద్దాలు చేయించుకోండి. అద్దాలతో సంబంధం లేకుండా ఏడాదికి ఒకసారి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా, అంటే కంటి వెనక వెలుతురుని పట్టే పొర, చూపించుకోవడం తప్పనిసరి. షుగర్ వల్ల రెటీనా దెబ్బతింటుంటే చాలాకాలం ఏ నొప్పీ ఉండదు, చూపు కూడా తగ్గదు, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

కాగితం మీద స్పియర్ (మైనస్ లేదా ప్లస్ పవర్), సిలిండర్, యాక్సిస్ (ఆ సిలిండర్ ఏ కోణంలో ఉందో), 40 దాటితే యాడ్ (దగ్గరి చూపుకి కలిపే పవర్) ఉంటాయి. వీటితోపాటు రెండు కంటిపాపల మధ్య దూరం, పీడీ అంటారు, అది కూడా రాయించుకోండి. ఆన్‌లైన్‌లో చేయించుకున్నా, వేరే ఊళ్లో చేయించుకున్నా అది లేకపోతే లెన్స్ మధ్యభాగం మీ కంటికి ఎదురుగా రాదు, పవర్ ఎక్కువైనకొద్దీ తలనొప్పి గ్యారంటీ. ఎంఎస్‌కి అమెరికా వెళ్లే పిల్లలు ఈ కాగితం, రెండు జతల అద్దాలు సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి. అక్కడ కంటి పరీక్షలు చాలాసార్లు మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లోకి రావు, విజన్ ప్లాన్ వేరుగా ఉంటుంది.

అద్దాలు: మీరు చూడటమే కాదు, మీ కళ్లు వాళ్లకి కనపడాలి

షాపులో ఫ్రేమ్ గురించి గంట మాట్లాడి లెన్స్ గురించి నిమిషం కూడా మాట్లాడం. తిరగేసి చేయాలి. నా లెక్కలో యాంటీ గ్లేర్ కోటింగ్ మీద పెట్టే డబ్బు అన్నిటికన్నా విలువైనది. మామూలు ప్లాస్టిక్ లెన్స్ రెండు వైపులా కలిపి దాదాపు 8 శాతం వెలుతురుని తిప్పికొడుతుంది. ట్యూబ్‌లైట్ కింద మీతో మాట్లాడేవాళ్లకి మీ కళ్లకి బదులు రెండు తెల్లటి మెరుపులు కనపడతాయి. వీడియో కాల్‌లో అయితే మీ అద్దాల్లో వాళ్లకి ల్యాప్‌టాప్ స్క్రీనే కనపడుతుంది. దూరదేశంలో ఉన్న పిల్లలతో వారానికోసారి మాట్లాడే అమ్మానాన్నలకి మీ కళ్లు కనపడాలా వద్దా? ఆ కాల్ కోసం లైటు మీ వెనకా నడినెత్తినా కాకుండా పక్కగా, కంటి ఎత్తుకన్నా కొంచెం పైన పెట్టుకోండి. స్క్రీన్ నుంచి వచ్చే నీలి వెలుతురుని తగ్గించే బ్లూ కట్ తీసుకోమని షాపులో గట్టిగా అంటారు. కంటి అలసట దానివల్ల తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు, పైగా చాలా వాటికి నీలంగా మెరిసే కోటింగ్ ఉంటుంది. అలసటకి అసలు కారణం స్క్రీన్ చూస్తూ రెప్పవేయడం మరిచిపోవడం. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి, అదీ మీ సహోద్యోగి ముఖమైతే ఇంకా మంచిది.

మైనస్ పవర్ ఎక్కువైతే అద్దాల వెనక కళ్లు చిన్నగా కనపడతాయి, అంచులు మందంగా ఉంటాయి. "సోడాబుడ్డి" అని ఏడిపించేది ఈ పిల్లలనే, ఆ మాటకి భయపడి అద్దాలు బ్యాగులో దాచేసే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. దీనికి చేయగలిగింది ఉంది. పెద్ద వెడల్పాటి ఫ్రేములు మానేసి, కంటిపాప సరిగ్గా అద్దం మధ్యలోకి వచ్చేలా చిన్న గుండ్రటి ఫ్రేమ్ తీసుకోండి. మైనస్ 5, 6 దాటితే పల్చగా వచ్చే 1.67 ఇండెక్స్ లెన్స్ అడగండి, అంచు బాగా తగ్గుతుంది. ఫ్రేమ్ ముఖానికి దగ్గరగా కూర్చోవాలి. ఇవన్నీ చేసినా కళ్లు చిన్నగా కనపడటం పూర్తిగా పోదు, అది పోవాలంటే కాంటాక్ట్ లెన్సులే. పిల్లలకైతే సులువుగా పగలని పాలీకార్బొనేట్ లెన్స్ తప్ప వేరేది వద్దు.

చత్వారం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మనుషుల మధ్య తేడా తెచ్చేది ఎక్కువగా ఇదే. దూరానికి సైట్ లేనివాళ్లు ప్లస్ 2 రీడింగ్ అద్దాలు పెట్టుకుంటే అరమీటరు దాటి ఏదీ స్పష్టంగా ఉండదు. బ్యాంకు కౌంటర్‌లో, స్టాఫ్‌రూమ్‌లో, బట్టల షాపులో పనిచేసేవాళ్లని గమనించండి: కాగితం చూస్తారు, మనిషి పిలిస్తే తల వంచి అద్దాల పైనుంచి చూస్తారు, మళ్లీ కాగితం. అవతలివాళ్లకి అది అనుమానంగా చూస్తున్నట్టు ఉంటుంది. రోజంతా కాగితమూ మనిషీ రెండూ చూడాల్సిన పని అయితే రీడింగ్ అద్దాలు మీకు సరిపోవు, ప్రోగ్రెసివ్ తీసుకోండి. పైభాగంలో దూరం, మధ్యలో స్క్రీన్, కింద పుస్తకం, ఎక్కడా గీత ఉండదు. ఇబ్బంది ఏంటంటే పక్కల భాగం చెదిరినట్టు ఉంటుంది, కాబట్టి కళ్లు కాదు తల తిప్పి చూడటం అలవాటు చేసుకోవాలి. మెట్లు దిగేటప్పుడు గడ్డం కిందికి దించి పైభాగం లోంచి చూడండి. అలవాటుకి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఫ్రేమ్ మీ ముఖం మీద పెట్టి, మీరు ఎదురుగా చూస్తుండగా లెన్స్ మీద మార్కర్‌తో కంటిపాప ఎత్తు గుర్తు పెట్టకపోతే ఆ షాపులో ప్రోగ్రెసివ్ చేయించుకోవద్దు. అంత డబ్బు పెట్టలేకపోతే బైఫోకల్ వాడండి, చూసేవాళ్లకి కింద గీత కనపడుతుంది, మీకు మాత్రం మనుషులూ కాగితమూ రెండూ కనపడతాయి.

కాంటాక్ట్ లెన్సులు, ముఖ్యంగా పెళ్లి ఉంటే

పెళ్లిచూపులకి అద్దాలు తీసేసి కూర్చోమనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మైనస్ 3 ఉన్న అమ్మాయి అద్దాలు తీసి కూర్చుంటే అబ్బాయి ముఖం ఆమెకి కనపడదు. జీవితాంతం కలిసి ఉండాల్సిన మనిషిని చూడకుండా ఒప్పుకోమనడం ఏం న్యాయం? అద్దాలు పెట్టుకునే కూర్చోండి. సైట్ సంగతి ముందే చెప్పేయండి.

పెళ్లికి లెన్సులు కావాలంటే కనీసం నెల ముందు మొదలుపెట్టండి. అద్దాల కాగితంలో ఉన్న పవర్ నేరుగా లెన్సులకి సరిపోదు, 4 దాటాక మారుతుంది: అద్దాల్లో మైనస్ 6 అయితే లెన్స్‌లో సుమారు మైనస్ 5.5. కంటి డాక్టర్‌తో గానీ ఆప్టోమెట్రిస్ట్‌తో గానీ కొలిపించుకోండి. పెళ్లి రోజుకి ఒక్కరోజు వాడి పడేసేవి మేలు. మేకప్‌కి ముందు పెట్టుకోండి, కాటుక రెప్ప లోపలి అంచుకి రాయనివ్వొద్దు. హోమం పొగకి లెన్స్ ఎండిపోతుంది కాబట్టి లెన్స్ మీద వేసుకోదగ్గ చుక్కలు దగ్గర ఉంచమని తోడిపెళ్లికూతురికి చెప్పండి. తలంబ్రాలప్పుడు పసుపు బియ్యం కంట్లో పడితే నలపకుండా లెన్స్ తీసేసి కొత్తది పెట్టుకోవాలి, అందుకే ఇంకో జత లెన్సులు, మీ అద్దాలు రెండూ మండపంలోనే ఎవరి దగ్గరైనా ఉండాలి.

రోజూ వాడేవాళ్లకి రూల్స్ కొన్నే, కానీ ఒక్కటి తప్పినా కన్ను పోయే ప్రమాదం ఉంది. పడుకునే ముందు తీసేయాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు లెన్స్‌కి, లెన్స్ డబ్బాకి తగలకూడదు. నీళ్లలో ఉండే అకాంథమీబా అనే జీవి నల్లగుడ్డులోకి (కంటి ముందుండే పారదర్శకమైన పొర, కార్నియా) చేరితే నెలల తరబడి వైద్యం, అయినా మచ్చ మిగలొచ్చు. తలస్నానం, ఈత, పుష్కర స్నానం, అన్నిటికీ ముందు లెన్సులు తీయాలి. కన్ను ఎర్రబడి, నొప్పెట్టి, వెలుతురు చూడలేకపోతే లెన్స్ తీసేసి ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవడం మాత్రం అసలు చేయొద్దు.

లేజర్ చేయించుకోవాలనుకుంటే

లేసిక్‌కి 18 ఏళ్లు నిండాలి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. నల్లగుడ్డు మందం సరిపోవాలి, దాని ఆకారం చూసే టోపోగ్రఫీ స్కాన్ బాగుండాలి. సాఫ్ట్ లెన్సులు వాడేవాళ్లు ఆ స్కాన్‌కి వారం రెండు వారాల ముందే ఆపేయాలి, లేకపోతే కొలత తప్పొస్తుంది. గర్భంతో ఉన్నా, బిడ్డకి పాలిస్తున్నా ఆగండి. సిలిండర్ పవర్ ఏటా పెరుగుతూ, కళ్లు నలిపే అలవాటుంటే కెరటోకోనస్, అంటే నల్లగుడ్డు పల్చబడి ముందుకి ఉబికే జబ్బు, ఉందేమో ముందు చూడాలి. అది ఉన్నవాళ్లకి లేసిక్ చేస్తే నల్లగుడ్డు ఇంకా ముందుకి ఉబుకుతుంది, వాళ్లకి కావాల్సింది దాన్ని గట్టిపరిచే క్రాస్ లింకింగ్.

లేసిక్‌లో పైపొరని మూతలా లేపి కింద లేజర్ కొడతారు. పీఆర్‌కేలో మూత ఉండదు, కొన్ని రోజులు నొప్పి, చూపు నెమ్మదిగా వస్తుంది, కానీ మందం కాస్త తక్కువ ఉన్నవాళ్లకి పనికొస్తుంది. స్మైల్ అనే ఇంకో లేజర్ పద్ధతి చిన్న కోతతో చేస్తారు. పవర్ మరీ ఎక్కువ ఉన్నా, నల్లగుడ్డు పల్చగా ఉన్నా ఐసీఎల్ అనే లెన్స్‌ని కంటి లోపలే పెడతారు, అవసరమైతే తీసేయొచ్చు. ఏది చేసినా కొన్ని నెలలు కళ్లు పొడిబారడం, రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు ఉండొచ్చు. "పెళ్లి వచ్చే నెల, ఈలోపు చేసేయండి" అని తొందరపెట్టే ఇంటివాళ్లకి ఈ మాట చెప్పండి.

40కి దగ్గరపడ్డ మైనస్ వాళ్లు ఇంకోటి ఆలోచించాలి. మైనస్ 2.5 ఉన్న పెద్దవాళ్లు 60 దాటినా అద్దాలు తీసేసి పేపర్ చదువుకుంటారు, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని ముఖం చూసుకుంటారు. రెండు కళ్లకీ మైనస్ పూర్తిగా తీయించేసుకుంటే దూరం బాగుపడుతుంది, ఆ దగ్గరి చూపు పోతుంది, చదవడానికి అద్దాలు కావాలి. ఎవరిని, ఎంత దగ్గర్నుంచి చూడాలన్న ప్రశ్న ఇక్కడ మళ్లీ వేసుకోండి. ఇంకో సంగతి: ఎక్కువ మైనస్ ఉన్న కన్ను పొడవుగా సాగి ఉంటుంది, లేజర్‌తో పవర్ పోయినా లోపల రెటీనా పల్చగానే ఉంటుంది. కంట్లో ఒక్కసారిగా మెరుపులు, నల్లచుక్కల వాన, ఒక పక్కనుంచి తెర పడ్డట్టు అనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్లలు, పెద్దవాళ్లు

మూడు నెలల పాప అమ్మ ముఖం వైపు చూడకపోతే, ఫోటోలో ఒక కంటిపాప తెల్లగా మెరిస్తే, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటుంటే వెంటనే పిల్లల కంటి డాక్టర్‌కి చూపించండి. మెల్ల అదృష్టం అని వదిలేయొద్దు. ఒక కన్ను వాడుక లేక బద్ధకించిపోతే మంచి కంటికి ప్యాచ్ వేసి దాన్ని పనిచేయిస్తారు, ఏడెనిమిదేళ్ల లోపు అయితే ఫలితం బాగుంటుంది. బడిలో చేర్చేలోపే ఒకసారి చుక్కలు వేసి చూసే పరీక్ష చేయించండి. "అద్దాలు పెడితే సైట్ పెరుగుతుంది" అనేది నిజం కాదు, ఎదిగే వయసులో కన్ను పొడవు పెరిగి పవర్ పెరుగుతుంది, అద్దాలు పెట్టినా మానినా. రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడుకునే పిల్లలకి మైనస్ వచ్చే అవకాశం తగ్గుతుందని మాత్రం గట్టి ఆధారాలున్నాయి.

పెద్దవాళ్లు నలుగురిలో మాట్లాడటం తగ్గించి ఒక మూల కూర్చుంటున్నారంటే చెవులతోపాటు కళ్లు కూడా చూపించండి. శుక్లం ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలం మాట, రోజువారీ పనికి అడ్డొస్తోందంటే ఆపరేషన్‌కి సమయం వచ్చినట్టే. లోపల పెట్టే లెన్స్ దూరానికా దగ్గరకా అన్నది వాళ్లు రోజంతా ఏం చేస్తారో డాక్టర్‌కి చెప్పి నిర్ణయించుకోండి. తేనె, ఉల్లిరసం, చనుబాలు కంట్లో వేయడం మాన్పించండి, వాటితో శుక్లం తగ్గదు, నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు.

డబ్బు లేదని ఆగక్కర్లేదు. హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీదేవి ఆసుపత్రి, విశాఖలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వానివి. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ విశాఖ, విజయవాడల్లో కూడా ఉంది, కట్టలేనివాళ్లకి అక్కడ వైద్యం ఉచితం, పల్లెల్లో విజన్ సెంటర్లు కూడా నడుపుతుంది. తెలంగాణలో 2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు, ఆంధ్రలో 2019లో వైఎస్సార్ కంటి వెలుగు పేరుతో ఊరూరా పరీక్షలు చేసి అద్దాలిచ్చారు. అప్పుడిచ్చిన అద్దాలే ఇంట్లో ఇంకా వాడుతుంటే పవర్ మారి ఉండొచ్చు, మళ్లీ చూపించండి.

అద్దాలు, ఆపరేషన్ ఏదీ పూర్తిగా బాగుచేయలేని చూపు కూడా ఉంటుంది. రేచీకటితో మొదలై చుట్టూ ఉన్న చూపు తగ్గిపోయే రెటీనా జబ్బు మేనరికాలున్న కుటుంబాల్లో ఎక్కువ కనపడుతుంది. అలాంటివాళ్లకి లో విజన్ క్లినిక్‌లో మాగ్నిఫైయర్లు, చిన్న టెలిస్కోపులు, ఫోన్ చదివి వినిపించే సెట్టింగులు నేర్పిస్తారు. మిగతాది మన పని. "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని ఆటపట్టించకుండా "పిన్నీ, నేను, శీనుగాడిని" అని పేరు చెప్పి పలకరించండి, వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పి వెళ్లండి, మాట్లాడేటప్పుడు కిటికీకి వీపు పెట్టి కాకుండా వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి.